చెంబెడు నీళ్ళు

కోడలు మూడో కుండీని కూడా పాత పేపరు మీద బోర్లించింది. టమాటా మొక్క వేళ్ళు కుళ్ళి నల్లబడ్డాయి.

"చెప్తే విన్నావా? పీట్ కలిపిన కాంపోస్టులో ముప్పై ఏళ్ళు పెంచాన్నేను," అన్నారు మామగారు గుమ్మంలో నిలబడి.

"ఆ కుళ్ళిన నాచు మట్టి కోసం చిత్తడి నేలల్ని తవ్విపోస్తున్నారు మావయ్యా. ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పీట్ లేని కాంపోస్టు ఏరికోరి కొంది, గుల్లగా ఉండాలని బెరడు ముక్కలు కలిపింది. పొద్దున్నే కుండీకి ఒక్క గ్లాసు నీళ్ళు, అంతే.

మట్టిని పిడికిట్లో పిండింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి.

"ఒక్క గ్లాసుకే ఇంత తడా? మీరేమన్నా చేశారా?"

ఆయన చూపు తిప్పుకున్నారు.

"సాయంత్రానికి పైన పొడిపొడిగా కనిపించేది. రోజూ చెంబెడు పోశాను."

"ఈ మట్టంటేనే మీకు పడదుగా?"

"మాటవరసకి తిడతాను గానీ, నువ్వు పెట్టిన మొక్క వాడిపోతుంటే చూస్తూ ఊరుకుంటానా?"

ఆమె మిగిలిన ఒక్క కుండీని ఆయన వైపు జరిపింది.

"పైన చూసి పోయకండి. వేలు లోపలికి దించి, పొడిగా తగిలితేనే పోయండి. రేపట్నుంచి నేను ముట్టుకోను."