మూడు పూటల చీర

"రేపు ఆదివారం సెలవు కావాలయ్యా." గుమాస్తా భాష్యం అడగడం ఇది నాలుగోసారి.

పాండీ బజారులోని ఆ పట్టుచీరల దుకాణం ఆదికేశవులుది. ఆయన కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"దీపావళి పది దినాల్లో ఉంటే సెలవేందబ్బా?"

"పెరంబూరులో పిల్లను చూడబోవాల. మా అత్త మాటిచ్చేసింది."

ఆదికేశవులు బీరువా అడుగున ఉన్న చీర వైపు వేలు చూపించాడు. పడుగు వంకాయ రంగు, పేక ఆకుపచ్చ. అసలు రంగేమిటో ఎవరికీ తేలక రెండేళ్లుగా అక్కడే ఉంది.

"అదీ నీ మాదిరే, ఎవురికీ నచ్చకుండా కూర్చోనుంది. ఈ దినం దాన్ని సాగనంపు. రేపు నువ్వు పో."

పది గంటలకు ఒక ముసలావిడ వచ్చింది. మిగతా ముగ్గురు గుమాస్తాలు ఖాళీగా ఉన్నా, వాళ్లను దాటి వచ్చి భాష్యం ముందే కూర్చుంది. భాష్యం ఆ చీరే విప్పాడు.

"ఈడ ట్యూబులైటు కింద అన్నీ ఒకటే మాదిరి ఉంటాయి. వీధిలోకి తీసకరా నాయనా."

అది మామూలే. పట్టుచీర రంగును ఎవరూ గుమ్మం లోపల నమ్మరు.

మూడు రోజుల ముసురు తర్వాత వచ్చిన ఎండ. పేవ్‌మెంటు ఇంకా తడిగా ఉంది. చెట్ల ఆకుల్లోంచి జారిన వెలుతురులో చీర లేత అరిటాకులా ఉంది.

"బాగుంది. మజ్జానం ఎట్టుంటుందో?" అని వెళ్లిపోయింది.

అన్నట్టే మధ్యాహ్నం వచ్చింది. భాష్యం పెరుగన్నం సగంలో వదిలి, చెయ్యి కడుక్కుని వచ్చాడు.

వీధి మారిపోయింది. నీడలు మనుషుల కాళ్ల కిందికి ముడుచుకున్నాయి. బోర్డుల మీది ఎరుపూ నీలమూ తెల్లబోయాయి. సైకిల్ రిక్షావాళ్లు టాపుల కింద నిద్రపోతున్నారు. చీర బూడిద రంగులో ఉంది.

"పొద్దున చూపించింది ఇదేనా? మార్చేసినావా ఏంది?"

"అదేనమ్మా. ఎండ మారింది, అంతే."

"మడత సరిగా లేదే. మళ్లీ మడువు."

నాలుగుసార్లు మడిపించింది. గుమాస్తాలు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. భాష్యం కూడా నవ్వేశాడు. "సాయంత్రం కూడా చూడండమ్మా, పోయేదేముంది?" అన్నాడు.

ఐదు గంటలకు మళ్లీ వచ్చింది.

పొద్దు పడమటి కొసన వాలింది. బజారుకు బజారే పసుపు పూసుకున్నట్టుంది. ఎదుటి దుకాణంలో స్టీలు బిందెలు మండుతున్నట్టు మెరుస్తున్నాయి. మనుషుల నీడలు గోడలెక్కి నడుస్తున్నాయి. భాష్యం చీర పరిచాడు. ముదురు వంకాయ రంగు, కదిలితే అంచుల్లో పచ్చని మెరుపు. అతనే నోరు తెరుచుకుని చూశాడు.

"రెండేండ్లుగా నేనూ దీన్ని సరిగ్గా చూళ్లేదమ్మా."

ముసలావిడ చీరను చూడలేదు. అతన్నే చూసింది.

"పొట్లం కట్టు" అంది.

"సరి సరి, రేపు పోయిరా" అని లోపలినుంచి ఆదికేశవులు కేకేశాడు.

భాష్యం పొట్లం అందిస్తూ ఉండబట్టలేక అడిగాడు. "ఇంతకీ ఏ రంగు నచ్చి కొన్నారమ్మా? పొద్దుటిదా, మధ్యాహ్నానిదా, ఇప్పటిదా?"

"రేపు సాయంత్రం పెరంబూరులో మా మనవరాలు కుముదిని ఇదే కట్టుకోని నీకు కాఫీ తెస్తుంది గదా, రంగేందో నువ్వే చూసి చెప్పు నాయనా."