వెనకాల వచ్చే బండి

ఎనిమిదో రోజు కూడా ఆ బూడిదరంగు హెల్మెట్ అద్దంలో కనిపించింది.

నర్సు తన మోటారు సైకిలు వేగం పెంచింది. వెనకాల బండీ పెంచింది. ఆమె తగ్గించింది. అదీ తగ్గింది.

మధ్య దూరం మాత్రం కొలిచి పెట్టినట్టు అంతే ఉంది.

ఇళ్లకు వెళ్లి రోగులకు కట్లు మార్చడం ఆమె ఉద్యోగం. రోజుకు ఆరు ఇళ్లు, ఆరు వీధులు. ఏ ఇంట్లోంచి బయటికి వచ్చినా వీధి మలుపులో అతను బండి మీద కదలకుండా కూర్చుని ఉండేవాడు.

దగ్గరికి వస్తే అరవవచ్చు. అతను దగ్గరికి రాడు. అందుకే ఆమెకు భయం.

ఇంట్లో చెబితే మరిది నవ్వాడు.

"మంత్రులకు కూడా ఇంత బందోబస్తు ఉండదు వదినా!"

"నీకు నవ్వులాటగా ఉంది. నాకు గుండె జారిపోతోంది."

మర్నాడు ఎర్రదీపం దగ్గర ఆమె బండి దిగి, నేరుగా అతని దగ్గరికి నడిచింది.

"ఎవరయ్యా నువ్వు? నా వెంట ఎందుకు పడ్డావు?"

హెల్మెట్ అద్దం పైకి లేచింది. అరవై దాటిన ముఖం. ఆ కళ్లు ఆమెను చూడటం లేదు, ఆమె బండి చక్రాలను చూస్తున్నాయి.

"ముందు చక్రం బ్రేకు ముట్టుకోవేం తల్లీ? ఎనిమిది రోజుల్లో ఒక్కసారీ పట్టలేదు."

ఆమె వెనక్కి తిరిగి తన బండి వైపు చూసింది.

"నిన్న తడిరోడ్డు మీద వెనక చక్రం రెండుసార్లు జారింది. నీకు తెలియనే లేదు. కుడికి తిరిగేటప్పుడు అద్దంలో చూస్తావు, తల తిప్పి చూడవు. అద్దంలో పడనిదే మనిషిని తీసుకుపోతుంది."

అది బెదిరింపో, జాలో అర్థం కాని గొంతు.

"నా సంగతి మీకెందుకు?"

"నీ తరవాత ఇంకా పధ్నాలుగు మంది ఉన్నారు" అన్నాడతను.

ఆమె అక్కడినుంచి తిన్నగా పోలీసు స్టేషన్‌కు వెళ్లింది.

సాయంత్రం హెడ్ కానిస్టేబుల్ ఫోన్ చేశాడు.

"గట్టిగా చెప్పి పంపామమ్మా, ఇక రాడు. పిచ్చివాడిలా లేడుగానీ, ఒకటే పాట... 'నాలుగు రోజులు ఆగండి, ఆమె ఇంకా తల తిప్పడం లేదు' అంటాడు."

మర్నాడు అద్దం ఖాళీగా ఉంది. ఆమె హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఆ మరుసటి రోజూ ఖాళీయే.

మూడో రోజు పెద్ద కూడలిలో కుడికి తిరగబోతూ ఆమె అద్దంలోకి చూసింది. ఎవరూ లేరు. తిరిగింది.

చెవులు పగిలేలా హారన్. వెంటనే ఇనుమును ఇనుము నలిపిన చప్పుడు.

అప్పుడు తల తిప్పింది.

ఆమె బండికి చేరువలో ఒక లారీ ఆగి ఉంది. రెంటికీ మధ్య ఒక మోటారు సైకిలు నుజ్జయి పడి ఉంది. మూడు రోజులుగా అతను ఆమె అద్దంలో పడని చోటునుంచి వెంట వస్తున్నాడు.

నర్సు మోకాళ్ల మీద కూలబడి అతని నాడి చూసింది. ఎంతసేపు వెతికినా దొరకలేదు.

అక్కడికి వచ్చిన హెడ్ కానిస్టేబుల్ అతని జేబులోంచి ఒక కాగితం తీశాడు. అందులో ఇరవై ముగ్గురి పేర్లు.

"ఎవరమ్మా వీళ్లంతా?"

"నేనూ, నాతో నర్సింగు చదివినవాళ్లూ."

"ఐదు పేర్లకు టిక్కు పెట్టాడు, సరే. ఈ మూడింటి మీద ఎర్రగీత ఎందుకు?"

ఆమె ఆ మూడు పేర్లూ చదివింది.

"వీళ్లు ముగ్గురూ... బండి మీంచి పడి చనిపోయారండీ. వేరువేరు ఊళ్లలో."

"ఈయన్ని ఇంతకుముందు ఎప్పుడైనా చూశారా?"

"లేదండీ" అని, ఆమె ఆ ముఖంలోకి మళ్లీ చూసింది, చూస్తూనే ఉండిపోయింది.

పదేళ్ల కిందట ఆ ఇరవై ముగ్గురూ కలిసి లైసెన్సుకు వెళ్లిన రోజున, ఒక్కరి చేతా బండి నడిపించి చూడకుండా, వంచిన తల ఎత్తకుండా, అన్ని కాగితాల మీదా సంతకాలు పెట్టేసిన అధికారి ఆయన.