అరవై మూడో నంబరు

వెనక బెంచీలో ఆ మనిషి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

కత్తెర మేడమ్‌కి ఒళ్ళు మండింది.

ఆ పేరు పిల్లలు పెట్టింది. కాలేజీలో మొదటి ఏడాది వాళ్ళందరికీ వ్యాసరచన ఆవిడే చెబుతుంది, ఆవిడే దిద్దుతుంది. ఆవిడ చేతిలో పడ్డ వ్యాసం సగానికి సగం ఎర్రబడి తిరిగొస్తుంది.

పేరుకి అంత హడలు గానీ, ఉద్యోగం చూస్తే ఏడాది ముచ్చట. ప్రిన్సిపాల్ సరేనంటేనే వచ్చే ఏడు ఉంటుంది, లేదంటే ఇంటికి పొమ్మంటారు.

అందుకే ఆ మనిషి ఎవరో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేకపోయింది. యాభై దాటిన వయసు, నలిగిన చొక్కా. ఎవరినీ పలకరించడు. చెప్పిందల్లా తలవంచుకుని రాసుకుంటాడు, గంట కొట్టగానే అందరికన్నా ముందు లేచిపోతాడు. ఇంకెవరు, పాఠం ఎలా చెబుతోందో చూసి రమ్మని ప్రిన్సిపాల్ పంపిన మనిషే. అడిగితే భయపడినట్టుంటుందని అడగలేదు.

చూసుకోనీ, నాకేం భయం, అనుకుంది.

వ్యాసాల మీద పేర్లు రాయకూడదన్నది ఆవిడ పెట్టిన నియమం. నంబరు వేసి, తలుపు దగ్గరున్న పెట్టెలో పడేసి పోవాలి. పేరు చూస్తే మొహం గుర్తొస్తుంది, మొహం గుర్తొస్తే చెయ్యి మెత్తబడుతుంది అనేది. వందమందికి పైనున్న ఆ క్లాసులో ఏ నంబరు ఎవరిదో ఆవిడకి నిజంగానే తెలియదు.

గొడవంతా అరవై మూడుతో వచ్చింది.

మొదట్లో అరవై మూడు వ్యాసాలంటే ఆవిడకి లోలోపల ముద్దు. గుండ్రటి దస్తూరీ, చురుకు, కాస్త వెక్కిరింత. దిద్దుతూ దిద్దుతూ ఒక్కతే నవ్వుకునేది. ఆ తర్వాత కొన్నాళ్ళు పెట్టెలో ఆ నంబరే కనబడలేదు. మళ్ళీ కనబడేసరికి దస్తూరీ మారిపోయింది. అక్షరాలు ముద్దముద్దగా ఉన్నాయి, వాక్యాలు ఎక్కడో మొదలై ఎక్కడో తేలుతున్నాయి.

ఎవరిచేతో రాయిస్తున్నారని తెలుసుకోవడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు.

మీకు బాగా తెలిసిన మనిషి గురించి రాయమంటే, అరవై మూడు ఒక ఆడపిల్ల గురించి రాసింది. జడ వేయించుకుంటూ కునికిపాట్లు పడే పిల్ల. చెప్పులు తలో మూలా విడిచి తిట్లు తినే పిల్ల. అద్దం ముందు నిలబడి ఉపన్యాసాలిచ్చే పిల్ల. ఇలా పేజీలకి పేజీలు నడిచి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

కింద ఎర్రసిరాతో రాసింది మేడమ్: "ఇంతకీ ఆ పిల్ల ఏమైంది? ముగింపు లేని వ్యాసానికి మార్కులుండవు."

సున్నా చుట్టింది.

ఆ వ్యాసాలు తిరిగిచ్చిన రోజు, గంట కొట్టినా ఆ మనిషి వెళ్ళిపోలేదు. బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అరవై మూడుకి సున్నా ఎందుకేశారు మేడమ్?"

ఇదిగో, ఆరా మొదలైంది అనుకుందావిడ. కుర్చీలో సర్దుకుని, వ్యాసమన్నాక ఎత్తుగడ ఎలా ఉండాలో, నడక ఎలా ఉండాలో, ముగింపు ఎందుకుండాలో క్లాసులో చెప్పినదంతా మళ్ళీ ఏకరువు పెట్టింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ముగింపు రాయడానికి చెయ్యి రాకపోతే?"

"రాకపోతే నేర్చుకోవాలండీ. క్లాసు అందుకే కదా."

ఆయన నేలచూపులు చూశాడు. ఆవిడ ఇంకో అడుగు ముందుకేసింది. అసలా వ్యాసం ఆ నంబరు వాళ్ళు రాసిందే కాదని, దస్తూరీయే చెబుతోందని, ఇలాంటి మోసం తన దగ్గర సాగదని, రేపే ఆఫీసులో చెప్పి ఆ నంబరు కొట్టేయిస్తానని అంది.

ఆయన చేతులు జోడించాడు.

"ఆ ఒక్క పనీ చెయ్యకండమ్మా. సున్నాలు ఎన్నయినా వేసుకోండి. నంబరు మాత్రం క్లాసులో ఉండనివ్వండి."

సిఫార్సుకి లొంగుతుందో లేదో చూస్తున్నాడు కాబోలు అనుకుంది. లొంగితే ఉద్యోగం ఊడినట్టే.

"నా క్లాసులో అలాంటివి కుదరవండీ," అంది గట్టిగా.

అన్నంత పనీ చేసింది. ప్రిన్సిపాల్ ఊళ్ళో లేకపోయినా ఆఫీసులో చెప్పి నంబరు కొట్టేయించింది. మర్నాడు అందరూ వినేలా చెప్పింది కూడా. అరవై మూడు పరాయివాళ్ళచేత రాయించి దొరికిపోయిందని, ఇక ఆ నంబరు ఈ క్లాసులో లేదని. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనక బెంచీ మనిషి కలం మూతపెట్టి, చప్పుడు కాకుండా లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

పరీక్షలో నెగ్గానని మేడమ్ పొంగిపోయింది.

అనుకున్నట్టే, ఊరినుంచి తిరిగొచ్చిన ప్రిన్సిపాల్ పిలిచి, వచ్చే ఏడు కూడా మీరే చెప్పాలన్నాడు. ఆవిడ నోరు ఊరుకోలేదు. మీరు పంపిన మనిషి నా గురించి బాగానే చెప్పినట్టున్నారు, అంది నవ్వుతూ.

"నేనెవర్నీ పంపలేదే."

ఆవిడ ఆ మనిషి ఆనవాళ్ళు చెప్పింది. అరవై మూడు సంగతి కూడా చెప్పింది. వింటూ వింటూ ప్రిన్సిపాల్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"మీకు చెబుతానంటే ఆయనే వద్దన్నాడమ్మా. తెలిస్తే జాలిపడి మార్కులేస్తారట. జాలి మార్కులంటే ఆ పిల్లకి గిట్టదట."

"ఏ పిల్లకి?" అంది మేడమ్.

"ఆ అరవై మూడు అమ్మాయి జ్వరమొచ్చి వారం తిరక్కుండానే పోయింది, ఏడాది నిండేదాకా కూతురి నంబరు క్లాసులో ఉంటే చాలని, ఆ బెంచీలో కూర్చుని రాయడం నేర్చుకుంటూ ఆ వ్యాసాలు రాసింది వాళ్ళ నాన్న."