ఎరిగినవాళ్ళ పేరు

బోధన్‌లో ఇంటర్నెట్ సెంటర్ నడిపే అమ్మాయి కంప్యూటర్‌లో ఎర్ర గుర్తు చూసి చెయ్యి ఆపింది.

“తాతా, ఈ సైటు అసలుదేనని ఇంకెవ్వరు చెప్తలేరు. దానికదే సర్టిఫికెట్ ఇచ్చుకున్నది. బంద్ చేయాల్నా?”

“నా గురించి నేను చెప్పుకుంటే సాలదా? దానికి ఇంకోడెందుకు? తెరువు!”

అది మా చక్కెర ఫ్యాక్టరీ పాత కార్మికుల సంఘం సైటు. సంఘంలో చేరితే, చచ్చిననాడు పాడె మోయడానికి మనుషులొస్తారు. నా భార్య భీమవ్వ పోయాక నా ఇంట్లో ఎవరూ లేరు.

ఆమె గొణుక్కుంటూనే తెరిచింది. చంద్రయ్య అని నా పేరు, ఊరు కొట్టి, చివర ఆగింది.

“నిన్ను ఎరిగినోళ్ల పేరొకటి రాయాల్నట.”

“నాదే రాయి.”

“గట్ల నడువది తాతా.”

నాతో పనిచేసినవాళ్ళను తలుచుకున్నాను. సగం మంది పోయారు. మిగిలినవాళ్ళతో నాకు మాటల్లేవు.

నా మొహం చూసి ఆమే ఏదో కొట్టింది.

“ఎవల పేరు పెట్టినవ్?”

“నాదే. పొద్దటిసంది నాతోని లొల్లి పెట్టుకుంటనే ఉన్నవ్. ఇంకెంత ఎరుక గావాలె?”

బస్టాండు దాకా వచ్చాక తట్టింది, ఆమె పేరేమిటో నేను అడగనే లేదు.