ఒక్క గుండు తుపాకీ

“ఇది తీసుకోం తాతా. నిషేధం వరసపెట్టి కాల్చే తుపాకులకే. ఇది ఒక్క గుండుది, ఇంట్లోనే ఉంచుకో,” అంటూ, జనం అప్పగిస్తున్న తుపాకుల్ని తీసుకుంటున్న పోలీసు దాన్ని బల్ల మీద వెనక్కి నెట్టాడు.

ముసలాయన కదల్లేదు. “దీంతో ఒక్క గుండుకే రెండు అడవిపందుల్ని పడగొట్టానని కనపడ్డవాడికల్లా కోతలు కోసేవాణ్ణి బాబూ.”

“ఒక్క గుండుకి రెండా! ఇంకా నయం, ఏనుగులు అనలేదు!” పోలీసు పకపకా నవ్వాడు.

“అప్పుడది అబద్ధమే. కిందటేడు గోడ తగాదాలో మా పెద్దాడు తమ్ముణ్ణి దీంతోనే కాల్చాడు. చిన్నాడు కాటికి, పెద్దాడు జైలుకి. కేసు తేలాక ఇది మాత్రం ఇంటికి తిరిగొచ్చింది.”

పోలీసు తుపాకీని మళ్లీ తనవైపు లాక్కున్నాడు. నిషేధించిన తుపాకుల వరసలో దానికీ చోటు చేశాడు.