మొదటి గ్లాసు

జలవిజ్ఞానంలో గోల్డ్ మెడల్ తెచ్చుకున్న హైమకు చదువు కాగానే ఉద్యోగం దొరికింది. రోజూ పొద్దున మా అపార్ట్‌మెంటుకు ట్యాంకర్ రాగానే, అందరి ముందూ మొదటి గ్లాసు తాగాలి. ఆమె పడిపోకపోతే మేం బిందెలు పట్టుకుంటాం. నీళ్ళను పరీక్షించే యంత్రాలు ప్రతి గుమ్మానికీ ఉన్నాయి గానీ, వాటిని బిగించింది ట్యాంకర్లవాళ్ళే కాబట్టి ఎవరూ నమ్మరు. మనిషైతే నమ్మకం. ఎమ్మెస్సీ చదివిన మనిషైతే మరీ నమ్మకం. తెల్లకోటు కూడా మేమే కుట్టించాం.

ఈరోజు హైమ గ్లాసులో ఏవో చుక్కలు వేసి చూసి, తాగకుండా ఆగిపోయింది.

“అంకుల్, ఈ నీళ్ళలో సీసం ఉంది. ఎవరూ పట్టుకోవద్దు.”

సెక్రటరీ దక్షిణామూర్తి గారికి చిర్రెత్తుకొచ్చింది. “నిన్ను పరీక్ష చెయ్యమన్నామా? తాగమన్నాం. తాగితే ఇప్పటికిప్పుడు ఏమన్నా అవుతుందా?”

“ఇప్పుడేం కాదండీ. కొన్నేళ్ళకి పిల్లల బుర్రలు మొద్దుబారిపోతాయి.”

“ఇప్పుడేం కానప్పుడు ఇంకేం, తాగమ్మా! ఆఫీసులకి టైమవుతోంది.”

“అయితే మీరే తాగండి,” అంటూ హైమ గ్లాసు ఆయన ముందుకు చాపింది.

ఆయన గభాలున చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

“నాకా అర్హత ఎక్కడిదమ్మా? నేను బీకాం.”