అచ్చమ్మగారి పడవ

చెరువుగట్టు మీది మామిడితోటలోంచి పొగ లేస్తుంటే చూసి, భానుమూర్తి సైకిలు దిగాడు.

తెల్లవాళ్లు వెళ్లిపోయాక వచ్చిన రెండో వేసవి అది. నూజివీడుకు ఇన్‌స్పెక్టరుగా బదిలీ మీద వచ్చి, ఆయన ఇంకా ట్రంకుపెట్టెలు కూడా విప్పుకోలేదు.

తోటలో ఒక తాటాకు పాక. పాక ముందు బోర్లించిన పాత పడవ. పక్కనే పొయ్యి మీద తారు కుతకుత ఉడుకుతోంది. ఓ పెద్దావిడ పడవ పగుళ్లలోకి కొబ్బరిపీచు కుక్కుతోంది.

“ఎవరు బాబూ?” అంది ఆవిడ, తలెత్తకుండానే.

“కొత్త ఇన్‌స్పెక్టర్నండి. ఏంటీ పొగ?”

ఆవిడ ఇప్పుడు తలెత్తింది. “పడవకి తారు బాబూ. మా ఆయన పోతూ పోతూ ఈ తోటనీ, ఈ ఓటి పడవనీ నా నెత్తిన పెట్టి పోయాడు. కాయ చెరువు దాటితేగాని బండి ఎక్కదు. వడ్రంగిని రమ్మంటే రేపంటాడు, మాపంటాడు.”

ఆవిడ పేరు అచ్చమ్మ. తోట ఆవిడదే.

భానుమూర్తి పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆయన పుట్టింది గోదావరి ఒడ్డున. పడవల గురించి తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని పరీక్షించే అవకాశం అంతవరకూ ఏ పడవకూ రాలేదు.

“వడ్రంగి ఎందుకండీ? మన చేతుల్లేవా?” అని చొక్కా చేతులు పైకి మడిచాడు.

“అయ్యో, మీకెందుకు బాబూ శ్రమ!” అని అచ్చమ్మ మొత్తుకుంది. ఆయన వింటేనా!

ఎడమవైపు పగులు పూడిస్తే కుడివైపు కారింది. కుడివైపు చెక్కముక్క వేసి మేకు కొడితే, మేకు దిగింది గాని అసలు చెక్క నిలువునా చీలింది. సుత్తి బొటనవేలి మీద పడింది. పంచెకు తారంటింది. కిరసనాయిలుతో రుద్దితే పంచె చిరిగింది, తారు మాత్రం చెక్కుచెదరలేదు. పీచు కుక్కి, గుగ్గిలం పూసి, దేవుడికి దణ్ణం పెట్టి నీళ్లలోకి తోస్తే, పడవ కాస్త దూరం పెద్దమనిషిలా వెళ్లి బుడుంగుమని కూర్చునేది.

“ఏవండీ, ఇంట్లో కుర్చీ కాలు ఊగుతోంది, అది చూడరాదూ?” అంది ఓ రాత్రి భార్య సౌభాగ్యలక్ష్మి.

“కుర్చీదేముంది, ఎవరైనా చూస్తారు,” అన్నాడు భానుమూర్తి.

ఆఫీసు పని మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. వచ్చిన పని తేల్చకపోతే ఏజెన్సీకి పంపిస్తామని పైనుంచి కబురు కూడా వచ్చింది. ఆ కబురు విన్న రోజు ఆయనకు అన్నం సహించలేదు. మర్నాడు మళ్లీ తోటకే వచ్చాడు. ఇక్కడైతే లోపం కంటికి కనిపిస్తుంది కదా.

ఆ లోపం ఏంటో చివరికి కనిపెట్టాడు కూడా.

“తారు చల్లారుతోందండీ, అందుకే పట్టడం లేదు. రోజంతా సన్నసెగ మీద ఉండాలి. నేనున్నా లేకపోయినా ఈ పొయ్యి ఆరకూడదు.”

అచ్చమ్మ రెండు చేతులూ జోడించింది. “మీరు చెప్పాక ఆరనిస్తానా బాబూ!”

సాయంత్రాలు జనం రావడం మొదలెట్టారు. విస్సన్నపేట నుంచి కూడా వచ్చేవారు. “పడవ ఎందాకా వచ్చిందండీ?” అని భానుమూర్తిని అడిగి, పాక వెనక్కి వెళ్లి అచ్చమ్మను పలకరించి, మహా హుషారుగా తిరిగి వెళ్లేవారు. ఒకాయనైతే భానుమూర్తి చేతులు పట్టుకుని, “మీరు చల్లగా ఉండాలి బాబూ,” అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తన అవస్థ జనానికి ఇంత ఆనందం కలిగిస్తోందని ఆయన గ్రహించలేకపోయాడు. ఊరివాళ్లది మంచి మనసు అనుకున్నాడు.

ఒక పొద్దున పడవ తేలింది.

చుక్క నీరు ఎక్కలేదు. భానుమూర్తి మోకాలిలోతు నీళ్లలో నిలబడి చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు. గట్టు మీదున్న వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“అయితే ఇంక తారుతో పనిలేదంటారా?” అంది అచ్చమ్మ నెమ్మదిగా.

“ఇంకెందుకండీ? పొయ్యి ఆర్పెయ్యండి!”

అచ్చమ్మ పైటచెంగుతో కళ్లొత్తుకుంది. ఆనందబాష్పాలే అనుకుని, భానుమూర్తి కూడా కళ్లొత్తుకున్నాడు.

మర్నాడు వచ్చి చూస్తే పడవ నీళ్లడుగున ఉంది. పైకి లాగిస్తే మధ్యలో వేలు దూరేంత కన్నం.

“పీత తొలిచుంటుంది బాబూ,” అంది అచ్చమ్మ.

అంత గుండ్రంగా తొలిచే పీతను ఆయన గోదావరిలో ఎన్నడూ చూడలేదు. అయినా నూజివీడు పీతల సంగతి తనకేం తెలుసు? నిట్టూర్చి చొక్కా చేతులు మడిచాడు.

“పొయ్యి రాజెయ్యండి.”

ఆ మాట పూర్తవకముందే పొగ లేచింది.

సరిగ్గా అప్పుడే గట్టు మీద జీపు ఆగింది. పై అధికారి దిగాడు. భానుమూర్తి తారు చేతులు వెనక్కి దాచుకున్నాడు. ఏజెన్సీ అడవులు కళ్లముందు కదిలాయి.

అధికారి ముక్కు ఎగబీల్చాడు. “ఏంటయ్యా ఈ పొగ? ఈ వాసనేంటి?”

“తారండీ. నేనే దగ్గరుండి కాయిస్తున్నాను. పొయ్యి కూడా ఆరనివ్వద్దని నేనే చెప్పాను.”

“నువ్వేనా?”

“ఒట్టండీ!”

అచ్చమ్మ ఇత్తడి గ్లాసుతో మామిడిపండ్ల రసం తెచ్చి అధికారి చేతికిచ్చింది. ఆయన గటగటా తాగి మీసం తుడుచుకున్నాడు.

“ఈ చెరువుగట్టు మీదే ఏదో తోటలో సారా కాస్తున్నారని మళ్లీ కబురొచ్చిందయ్యా, ఈ పొగ నీదే కాబట్టి దీన్నొదిలేసి తక్కిన తోటలు వెతుకుదాం పద,” అన్నారు మద్యనిషేధ శాఖ సూపరింటెండెంటుగారు.